నొప్పి తెలియని కాలు

ఆ సరుకుల షెడ్డులో రెండు కట్టుబాట్లుండేవి. చెప్పులతో బల్లెక్కకూడదు. మొదటి బస్తా మేస్త్రిది.

బల్ల అంటే లారీ మీంచి షెడ్డు అరుగు మీదికి వేసే చెక్కపలక. వెడల్పు మూరెడు కూడా ఉండదు. వీపు మీద బస్తా, కింద ఊగే చెక్క. కాలివేళ్లు చెక్కను కరుచుకుంటేనే మనిషి నిలబడతాడు. ఎప్పుడో ఒకాయన రబ్బరు చెప్పులతో ఎక్కి, జారి, నడుం విరగ్గొట్టుకుని ఇంటిపట్టున కూచున్నాడట. అప్పట్నించీ హమాలీలందరూ చెప్పులు అరుగు కింద వదిలేసి ఉత్తకాళ్లతోనే ఎక్కేవారు. ఇక రెండోది. ఏ లారీ వచ్చినా ముందు మేస్త్రి ఎక్కాలి, ఒక బస్తా వీపున వేసుకుని బల్ల మీద నడిచొచ్చి అరుగు మీద దించాలి. ఆ తర్వాతే మిగతావాళ్లు నడుం వంచాలి. మొదటి బస్తా మోయలేని రోజున మేస్త్రి మేస్త్రి కాడు. ఇది ఎక్కడా రాసిపెట్టలేదు గానీ, రాసిపెట్టినవాటికంటే గట్టిగా నడిచేది.

ఈ రెంటినీ ప్రాణంలా చూసుకున్నవాడు ఇనపకాలు మేస్త్రి. యాభై దాటినా మనిషి బీరువాలా ఉండేవాడు. మీసానికి రోజూ పొద్దున్నే అద్దం ముందు జరగాల్సిన మర్యాదలన్నీ జరిగేవి. అసలు పేరు ఏమిటో కట్టుకున్న భార్య కూడా కాసేపు ఆలోచించి చెప్పాలి.

ఇనపకాలు అన్న పేరు ఊరికే రాలేదు. ఒక మధ్యాహ్నం భోజనానికి ముందు కాళ్లు కడుక్కుంటుంటే, పక్కవాడు చూసి గావుకేక పెట్టాడు. బల్లలోంచి ఊడిన మేకొకటి మేస్త్రి అరికాల్లో దిగి ఉంది. పొద్దుట్నించీ దాంతోనే బస్తాలు మోశాడన్నమాట. ఆయన వంగి చూసి, బస్తాలు లాగే కొక్కెం మొనతో దాన్ని పీకి అవతల పారేసి, "ఇదా? చీమ కుట్టినట్టు కూడా లేదురా," అన్నాడు. అంతే, ఆ కథ షెడ్డు దాటి టీకొట్టుకి, టీకొట్టు నుంచి లారీ డ్రైవర్లతో పాటు ఎక్కడెక్కడికో వెళ్లింది. వెళ్లినకొద్దీ మేకు పెరిగింది. చివరికి తిరిగి షెడ్డుకి వచ్చేసరికి జానెడు మేకు అయి కూచుంది. మేస్త్రి కాదనలేదు. ఎవరైనా కాదంటారా?

ఆ కథని అందరికంటే ఎక్కువగా నమ్మినవాడు ఏనుగు. రెండు బస్తాలు ఒకేసారి ఎత్తుతాడు గనక జట్టులో అందరూ వాణ్ని ఏనుగనే పిలిచేవారు. ముప్పయ్యయిదేళ్లవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. మేస్త్రి తర్వాత మేస్త్రి వాడేనని అందరికీ తెలుసు. మేస్త్రిని చూసి వాడూ మండుటెండలో రేకు మీద ఉత్తకాళ్లతో నిలబడి పందేలు కాసేవాడు. గెలిచేవాడు కూడా. మేస్త్రి వాడి భుజం చరిచి, "మగాడంటే నువ్వురా," అనేవాడు.

ఆ మాట ఏనాడూ దక్కనివాడు మూలుగు. వీడు స్వయానా మేస్త్రి బావమరిది, భార్య తమ్ముడు. బస్తా ఎత్తితే అబ్బా, దించితే అమ్మా. కాలికి చిన్న గాజుపెంకు గుచ్చుకున్నా పని ఆపి, కూచుని, తీసి, కడిగి, గుడ్డ కట్టుకుని గానీ లేచేవాడు కాదు. దగ్గొస్తే ఆరోగ్య కేంద్రం, జ్వరమొస్తే ఆరోగ్య కేంద్రం. "నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగాణ్నీ నమ్మకూడదన్నారు పెద్దలు," అని మేస్త్రి అందరి ముందూ వాణ్ని ఆడిపోసుకునేవాడు. పెద్దలు చాలా అంటారు. అన్న పెద్దల కాళ్లు ఎలా ఉండేవో మాత్రం ఎవరూ చూడలేదు.

మేస్త్రి భార్య అదే షెడ్డులో చిరిగిన గోనెసంచులు కుట్టేది. పురికొస, దబ్బనం, ఇవే ఆవిడ సరంజామా. ఒక ఉదయం ఇంటిదగ్గర చూసుకుంటే దబ్బనం కనబడలేదు. చాప దులిపింది, మంచం కింద చీపురు పెట్టి లాగింది. మేస్త్రి అద్దం ముందు మీసం దువ్వుకుంటున్నాడు. ఇంకాస్త వెలుగు కోసం మడమలెత్తి ముందుకు వంగాడు. అప్పుడు ఆయన కుడి మడమలో దబ్బనం మెరిసింది. సగం లోపలే ఉంది.

"ఏమయ్యా, కదలకు!"

"ఏమైందే? బల్లి పడిందా?"

ఆవిడ కింద కూచుని, పాదం ఒళ్లో పెట్టుకుని, దబ్బనం పీకింది. పీకుతున్నప్పుడు అబ్బా అన్నది ఆవిడే. ఆయన మాత్రం దాన్ని వెలుగులో తిప్పి చూసి పకపకా నవ్వాడు. "చూశావా? మేకు పాతబడిపోయిందనుకుంటుంటే కొత్త కథ దొరికింది."

ఆవిడకి నవ్వు రాలేదు. చేతినిండా దబ్బనం పోట్లున్న మనిషి. అది వేలికొసకి తగిలితేనే ప్రాణం ఎక్కడిదాకా వస్తుందో ఆవిడకి తెలుసు. పాదం ఇటు తిప్పి చూసింది. బొటనవేలి మొదట్లో కాయకట్టిన చర్మం నల్లగా ఉంది. నొక్కితే తడి తగిలింది, వాసన కూడా.

"ఇదెప్పట్నించి?"

"కాయే అది. హమాలీ కాలికి కాయ లేకపోతే మల్లెపూలుంటాయా?"

ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి, గోడకి చేరగిలబడి, "నాకెందుకో కళ్లు తిరుగుతున్నాయి. ఆరోగ్య కేంద్రందాకా తోడు రా," అంది. పెళ్లయినప్పట్నించీ ఆయనతో ఆవిడ ఆడిన మొదటి అబద్ధం అదేనేమో. పెద్ద అబద్ధం మాత్రం అదే.

ఆరోగ్య కేంద్రంలో బెంచీల నిండా ఆడవాళ్లు, పసిపిల్లలు. మేస్త్రి లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే చేతులు కట్టుకుని, పక్కింటివాళ్ల పెళ్లికి వచ్చినవాడిలా నిలబడ్డాడు. గోడల మీద కడుపుతో ఉన్న తల్లుల బొమ్మలు, పాలు తాగే పిల్లల బొమ్మలు. మొత్తానికి వెతికితే ఒకే ఒక్క మగాడు దొరికాడు, పొగతాగి ఊపిరితిత్తులు నల్లబడ్డవాడు. మూలుగు వెధవ ఇక్కడెలా కూచుంటాడో అనుకున్నాడు మేస్త్రి.

పిలుపు వచ్చింది. నర్సమ్మ ముక్కు మీదికి జారే కళ్లద్దాల మనిషి. మేస్త్రి భార్య లోపలికి వెళ్లి, స్టూలు మీద తను కూచోకుండా మొగుణ్ని కూచోబెట్టింది. "రోగి నేను కాదమ్మా. ఈయన. కాలు చూడండి."

మేస్త్రి గుమ్మం వైపు చూశాడు. లేచి వెళ్లిపోదామంటే గుమ్మంలో ఇద్దరు బాలింతలు అడ్డం. సరే, దొరికిపోయాక దర్జాగానే ఉందామని మీసం సర్దుకుని, మేకు కథ మొదలుపెట్టాడు. దబ్బనం కథతో ముగించాడు. ఎవరికి చెప్పినా, అమ్మో అనో ఔరా అనో అనేవారు. నర్సమ్మ మాత్రం కళ్లద్దాలు పైకి నెట్టుకుని, సొరుగులోంచి చిన్న పుల్లలాంటిది తీసింది. దాని చివర సన్నటి నైలాను పోగు ఉంది.

"కళ్లు మూసుకోండన్నా. పాదానికి ఇది తగిలినప్పుడల్లా 'తగిలింది' అనండి."

"ఓస్, ఇంతేనా!"

మేస్త్రి కళ్లు మూసుకుని చిరునవ్వుతో కాచుకున్నాడు. బయట ఒక పిల్లాడు తూకం మీద కూచోనని ఏడుస్తున్నాడు. పంకా కిర్రుమంటోంది. చాలాసేపయింది. ఏమీ తగల్లేదు.

"ఇంకా మొదలుపెట్టలేదేంటమ్మా? అవతల నాకు లారీలొస్తాయి."

మేస్త్రి కళ్లు తెరిచాడు. నర్సమ్మ పోగుని సొరుగులో పెట్టేస్తోంది. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకేసి చూస్తోంది.

"అయిపోయిందన్నా," అంది నర్సమ్మ. "రెండు పాదాలూ అయిపోయాయి."

వేలికొసన రక్తం తీసి చూశారు. షుగర్. ఇవాళ్టిదీ నిన్నటిదీ కాదు, ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పకుండా లోపల కాపురం పెట్టింది. నర్సమ్మ ఆ నల్లటి కాయని మెల్లగా తొలిచి తీసేసరికి కింద గుంత కనబడింది. మేస్త్రి తన కాల్లో గుంతని, వేరే ఎవరి కాల్లోనో చూసినట్టు చూశాడు. అప్పుడు కూడా నొప్పి లేదు. జీవితంలో మొదటిసారి, నొప్పి లేనందుకు ఆయనకి భయం వేసింది.

"మీ కాలు ఇనుము కాలేదన్నా," అంది నర్సమ్మ, కట్టు కడుతూ. "నరాలు మొద్దుబారాయి. నొప్పంటే ఇంటికి కాపలావాడు. మీ కాపలావాడు ఎప్పుడో పడుకున్నాడు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నారు. ఇప్పటికీ మించిపోలేదు. రోజూ మాత్రలు, కట్టు. పుండు మానేదాకా ఈ కాలి మీద బరువు పడకూడదు. ఉత్తకాళ్లతో ఇంట్లో కూడా నడవకూడదు. కాదని బస్తాలు మోశారో, ఆ గొడ్డలి నిజంగానే కావాల్సొస్తుంది. కాలు తీసేస్తారు."

"మరి మొదటి బస్తా?" అన్నాడు మేస్త్రి.

నర్సమ్మకి అర్థం కాలేదు. భార్యకి అర్థమైంది. కాలు పోతుందన్నా ఈ మనిషికి ముందు కనబడేది బల్లేనని ఆవిడకి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

దారిలో ఆయన ఒకే ఒక్క మాటన్నాడు. "షెడ్డులో ఎవరికీ చెప్పకు." ఆవిడ సరే అనలేదు. కాదనీ అనలేదు.

మర్నాడు పొద్దున్నే పంచదార లారీ వచ్చింది. మేస్త్రి అరుగు కింద, స్తంభం చాటున కూచుని, కట్టు విప్పి జేబులో కుక్కుకుని, ఉత్తకాళ్లతో లారీ ఎక్కాడు. సంచులు కుట్టే మూలనుంచి భార్య చూస్తోంది. ఆవిడ చేతిలో దబ్బనం ఆగిపోయింది. తమ్ముడికేసి చూసింది. ఏ అర్ధరాత్రో ఏడ్చి చెప్పిందో, పొద్దున్నే నీళ్ల దగ్గర చెప్పిందో, మూలుగుకి మాత్రం సంగతంతా తెలిసిపోయింది.

మేస్త్రి బస్తా వీపున వేసుకుని బల్ల వైపు తిరిగాడు. బల్ల మధ్యలో మూలుగు కూచుని ఉన్నాడు. బాసింపట్టు వేసుకుని, తన పెరటి అరుగు మీద కూచున్నంత నిదానంగా.

"లేవరా."

"లేవను బావా."

"నడుం పట్టేసిందా?"

జట్టంతా ఘొల్లున నవ్వింది. మూలుగు నవ్వలేదు. "నాకు నడుం నొప్పి తెలుసు, కాలు నొప్పి తెలుసు, పన్ను నొప్పి తెలుసు. నొప్పుల్లో పండిపోయినవాణ్ని నేను. అందుకే చెబుతున్నా. నీకు నొప్పి తెలియడం లేదు. దిగు బావా. నన్ను తొక్కుకుంటూ పోతానంటే పో. నువ్వు తొక్కితే అబ్బా అని నేనంటాను. నీ కాలు అనదు."

నవ్వులు ఆగిపోయాయి. మేస్త్రి వీపు మీద బస్తా, ముందు బావమరిది, చుట్టూ అందరి కళ్లు. వాణ్ని ఒక్క తోపు తోస్తే కిందపడతాడు. తోయడానికి ఆయన కాలు ముందుకు వేశాడు కూడా. వేశాక కిందికి చూశాడు. లారీ చెక్క మీద ఆయన కుడిపాదం ఆనిన చోటల్లా ఎర్రటి తడి. ఎప్పుడు మొదలైందో ఆయనకే తెలియదు.

లారీ మీద ఎత్తిన బస్తాని లారీ మీదే దించడం ఆ జట్టులో ఎవరూ చూసి ఎరగరు. మేస్త్రి దించాడు. దించి, దాని మీద చెయ్యి ఆనించి, జట్టుకేసి తిరిగాడు. 

"మేకు దిగినా తెలియలేదంటే అది మగతనం కాదురా. జబ్బు. షుగరంట. కాలికి స్పర్శ పోయింది. మానేదాకా మొయ్యకూడదంట. మోస్తే కాలు తీసేస్తారంట." బస్తా మీంచి చెయ్యి తీశాడు. "ఇక మొదటి బస్తా సంగతి మీరు చూసుకోండి."

 ఏనుగు తన కాళ్లకేసి ఒకసారి చూసుకుని, చూడనట్టు తల తిప్పుకున్నాడు. మూలుగు బల్ల మీంచి లేచి, లారీ ఎక్కి, మేస్త్రి దించిన ఆ బస్తానే వీపుకెత్తుకున్నాడు. అలవాటుకొద్దీ అబ్బా అన్నాడు. బల్ల మీద నడిచొచ్చి, అరుగు మీద నీడపట్టున దించి, పైన దుమ్ము దులిపాడు.

"రా బావా, కూచో. మొదటి బస్తా మేస్త్రిది అన్నారు గానీ, మేస్త్రే మొయ్యాలని ఎవడన్నాడు? ఇన్నేళ్లూ పంచదార వీపు మీద మోశావు, ఒంట్లోకి దిగింది. ఇప్పుడు దాని మీద కూచుని పగ తీర్చుకో."

ముందు నవ్వింది మేస్త్రే. ఆ తర్వాత కళ్లు తుడుచుకున్నాడు. ఏడ్చే మగాణ్ని నమ్మకూడదని ఆ పూట ఎవరికీ గుర్తురాలేదు.

ఆ రోజు నుంచి ఏ లారీ వచ్చినా మొదటి బస్తా మేస్త్రి కూచోడానికి దిగేది. ఆయన దాని మీద కూచుని, కట్టుకట్టిన కాలు ఇంకో బస్తా మీద చాపుకుని అజమాయిషీ చేసేవాడు. మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేవాడు. డ్రైవర్లు అడిగితే మొహం తిప్పుకునేవాడు. తర్వాత్తర్వాత, కూచున్న చోటునుంచి చూస్తుంటే, ఏళ్ల తరబడి మోస్తూ చూడనివన్నీ కనబడసాగాయి. ఎవడు కుంటుతున్నాడు, ఎవడి మడమ పగిలింది, ఎవడు గుటకేసి నొప్పి మింగుతున్నాడు, అన్నీ. "ఒరే, ఆగు. ఇటొచ్చి కాలు చూపించు," అనేవాడు. ఇనపకాలు నోట ఆ మాట విని మొదట్లో నవ్వుకున్నారు. అయినా చూపించారు.

అలా మూడో కట్టుబాటు పుట్టింది. పనయ్యాక, చెప్పులేసుకునే ముందు, అందరూ అరుగు మీద వరసగా కూచుని అరికాళ్లు చూసుకోవాలి. తనది తనకి కనబడకపోతే పక్కవాడు చూడాలి. మేస్త్రి మీసం దువ్వుకునే అద్దం షెడ్డుకి వచ్చేసింది. ఎదురుగా టీకొట్టువాళ్లు, "పెళ్లిచూపులు మొదలయ్యాయిరోయ్," అని అరిచేవారు. "మీకూ చూస్తాం రండి, మొహాలు బాగోలేదు గానీ కాళ్లైనా బాగుంటాయేమో," అని మేస్త్రి తిరిగి అరిచేవాడు.

మొదటి కట్టుబాటు సంగతి భార్య చూసుకుంది. ఉత్తకాళ్లకి మేకులు, మేకులు దిగకుండా బూట్లేసుకుంటే బల్ల మీద జారుతారు. దీనికి ఆవిడ దగ్గర మందుంది. పాత గోనెసంచులు రెండేసి మడతలు పెట్టి, బల్ల పొడుగునా చుట్టి, అడుగున పురికొసతో బిగించి కుట్టేసింది. ఏనుగు బూట్లతో ఎక్కి ఎగిరి చూశాడు. జారలేదు. మళ్లీ ఎగిరి చూశాడు. "చాల్లేరా, బల్ల విరుగుతుంది," అందావిడ, దబ్బనం జడలో గుచ్చుకుంటూ. తను కుట్టిన బల్ల మీద జట్టంతా బూట్లతో నడుస్తుంటే పని ఆపేసి మరీ చూసింది.

పుండు మానడానికి చాలాకాలం పట్టింది. ఆఖరికి ఒక రోజు నర్సమ్మ కట్టు విప్పి, మళ్లీ కట్టలేదు. "పోయిన స్పర్శ రాదన్నా. ఇక మీ కాలికి కాపలా మీ కళ్లే. రోజూ చూడాలి."

"చూస్తున్నాంగా. ఒక్క నా కాలేనా, అందరివీ," అన్నాడు మేస్త్రి. తర్వాత కాస్త తటపటాయించి, "ఆ పోగుతో మావాళ్లకి కూడా చూస్తావా అమ్మా? మగాళ్లు. పిలిస్తే రారు. నేను తీసుకొస్తా," అన్నాడు.

లారీలు లేని ఒక పొద్దున హమాలీల జట్టు మొత్తం ఆరోగ్య కేంద్రానికి నడిచింది. ముందు మేస్త్రి, కొత్త బూట్లతో. గుమ్మం దగ్గర అందరూ ఒకరి వెనక ఒకరు నక్కారు. మేస్త్రి మొదటి బస్తా ఎత్తినంత ఠీవిగా లోపలికి వెళ్లి, బెంచీ మీద, పసిపిల్లల మధ్య కూచున్నాడు. ఇక మిగతావాళ్లకి తప్పలేదు. ఆడవాళ్లు సర్దుకుని చోటిచ్చారు. ఒక ముసలమ్మ బుగ్గలు నొక్కుకుని, "ఇంతమంది మగాళ్లొచ్చారేంటర్రా! కానుపు ఎవరికి?" అంది. అందరికంటే గట్టిగా నవ్వింది మేస్త్రే.

ఒక్కొక్కరే స్టూలెక్కారు. కళ్లు మూసుకున్నారు. తగిలింది. తగిలింది. తగిలింది. మేస్త్రి పక్కనే నిలబడి ప్రతి తగిలిందికీ తల ఊపుతున్నాడు. మూలుగు వంతు వచ్చింది. పోగు ఆనీ ఆనకముందే, "అబ్బా, తగిలింది!"

"అదీ కాలంటే!" అని మేస్త్రి బెంచీలన్నిటికీ వినబడేలా అన్నాడు. "విన్నారా? వీడు నా బావమరిది. మా జట్టులోకెల్లా గట్టివాడు. నా కాలు నిలబెట్టినవాడు." మూలుగు బూటు తాడు కట్టుకునే నెపంతో చాలాసేపు తలెత్తలేదు.

చివర ఏనుగు కూచున్నాడు. కళ్లు మూసుకుని, చిరునవ్వుతో కాచుకున్నాడు. నర్సమ్మ చెయ్యి వాడి బొటనవేలి మీద ఆగింది, మడమకి వెళ్లింది, రెండో పాదానికి వెళ్లింది. గదిలో అందరూ వాడి నోటికేసి చూస్తున్నారు.

"మొదలుపెట్టమ్మా," అన్నాడు ఏనుగు.

 మేస్త్రి వచ్చి వాడికెదురుగా నేల మీద చతికిలబడ్డాడు. తన బూటు విప్పాడు, మేజోడు లాగాడు. కుడిపాదం ఎత్తి వాడి రెండు చేతుల్లో పెట్టాడు.

"కళ్లు తెరవరా."

ఏనుగు కళ్లు తెరిచాడు. నర్సమ్మ మొహం చూశాడు, జట్టు మొహాలు చూశాడు, వాడికి అర్థమైపోయింది.  అరచేతుల్లో మేస్త్రి అరికాలు ఉంది. బొటనవేలి మొదట్లో, ఒకప్పుడు గుంత ఉన్నచోట, చిన్నపిల్లలకుండేలాంటి లేతరంగు చర్మం.

"నువ్వు పట్టుకున్నావని నా కాలికి తెలీదు," అన్నాడు మేస్త్రి. "చూస్తే తెలుస్తోంది. చాలు. నీ మొదటి బస్తా మేం దించుతాం, నువ్వు కూచుందువుగాని. ముందు ఇది బాగా చూడు. ఇది నా కాలు. ఇంకా నాదే."